డెబ్భై గేట్లు

సూర్యారావుపేటలో మా ల్యాబు.
పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా
పరాయి గుండెల మీద చల్లటి జెల్లు రాసి
ఆరు రబ్బరు బుడ్డలు అంటిస్తాను.
"ఊపిరి మామూలుగా పీల్చండి, మాట్లాడకండి."
పద్నాలుగేళ్లుగా ఇదే మాట.

గళ్ళ కాగితం మీద పది సెకన్లు.
పది సెకన్ల మనిషిని చింపి
కవర్లో పెట్టి ఇస్తాను.
మిగతా రోజంతా ఆ గుండె
ఎక్కడెక్కడ తిరిగి ఏం చేస్తుందో
నా మిషనుకి తెలీదు.
ఆ సంగతి నాకూ తట్టలేదు
జోజిబాబు పోయేదాకా.

పటమట షటిల్ కోర్టులో
పంతొమ్మిది పదహారు మీద ఉండగా
సర్వీసుకి కాకు పైకెత్తి
"ఒక్క నిమిషం" అన్నాడు.
అంతే.
నలభై ఒకటి. బీడీ ముట్టలేదు, షుగరు లేదు.
ఏప్రిల్లో వాడి ఈసీజీ తీసింది నేనే.
డాక్టరుగారు సంతకం పెట్టిన కవరు చేతికిచ్చి
"గుర్రంలా ఉన్నావు, పోరా" అన్నదీ నేనే.

అప్పట్నించి
నా కుడిచేతి వేళ్ళు రెండు
ఎడమ మణికట్టు మీదే కాపురం.
సిటీ బస్సులో, అన్నం దగ్గర,
హైమ ఏదో చెబుతుండగా.
"వింటున్నావా?" అంటుంది.
వింటూనే ఉన్నాను,
తనని కాదు.

రాత్రి ఎడమపక్కకి తిరిగి పడుకోను.
తిరిగితే దిండులోంచి
ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు.
ఒక మెట్టు తప్పిందా,
లేచి కూర్చుంటాను.
ఆవకాయ కాస్త ఎడమవైపు మండినా
బండి తోసి భుజం లాగినా
లోపల్నించి కబురొచ్చినట్టే.

ఎకో తీయించుకున్నాను.
ట్రెడ్‌మిల్ ఎక్కి చెమటలు కార్చాను.
"నీకేం లేదయ్యా, సుబ్బరంగా పరుగెత్తు" అన్నారు డాక్టరుగారు.
ఆ మాట వేడి పునుగుల పొట్లం.
ఏలూరు రోడ్డు దాటేసరికి చల్లారిపోయింది.

మొన్న ల్యాబు మూసేవేళ
నాకు నేనే వైర్లు తగిలించుకుంటుంటే
ఆయా నాంచారమ్మ తలుపు దగ్గర నిలబడింది.
"ఈ నెలలో ఇది ఎన్నోది?"
"మూడు."
"ఆ మూల బుట్టలో ఏడు కాగితాలున్నాయి బాబూ.
ఊడ్చేది నేను."
ఇంకేం అనలేదు.
నా చెయ్యి అందడంలేదని
బటన్ తనే నొక్కి
బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ తెల్లారగట్ల బ్యారేజీ మీదికొచ్చాను.
జోజిబాబు పోరుపెట్టి కొనిపించిన బూట్లు,
ఏడాదిగా అట్టపెట్టెలోనే ఉన్నవి.
డెబ్భై గేట్లు.
నిమిషానికి గుండె కొట్టుకునేదీ ఇంచుమించు అంతే.
ఈ లెక్క కుదరడం నాకు నచ్చలేదు.

పదో గేటు దాకా నడక.
ఆ తర్వాత పరుగు లాంటిది.
ఇరవై మూడు దగ్గర
లోపల ఎవరో దబదబా తలుపు బాదారు.
పిట్టగోడ పట్టుకున్నాను.
వేళ్ళు వాటంతటవే మణికట్టు వైపు బయల్దేరాయి.

"అన్నా, టైమెంత?"
గాలం వేసుకుని కూర్చున్న కుర్రాడు.
పక్కన బకెట్లో ఒకే ఒక్క జెల్ల.
వాచీ చూశాను.
సెకన్ల ముల్లుని కాదు,
చాన్నాళ్ల తర్వాత మిగతా రెండింటిని.
"ఐదూ నలభై."
"అమ్మో, మా అయ్య లేస్తాడు" అని
గాలం చుట్టేసి
బకెట్ తొణక్కుండా సీతానగరం వైపు
ఒకటే పరుగు.
చేప కోసం వాడు భయపడ్డాడు,
తన గుండె కోసం కాదు.

వాడి వెనకే కొంత దూరం.
ముప్పై ఒకటి దగ్గర ఆగాను.
భయమేసి కాదు, బూటు లేసు ఊడి.
సరే, భయం కూడా వేసింది.

వంగి ముడేస్తుంటే
మోకాలికి ఆనిన ఛాతీలో
అది కొట్టుకుంటోంది.
లెక్కపెట్టకూడదనుకున్నాను.
పన్నెండు దాకా పెట్టి
వదిలేశాను.